అది శాలువా కాదు

చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి కృపాకుమారికి. చర్చి వేదిక మీద పాస్టరు ఏసుపాదం అయ్యగారు ప్రేమ్ సాగర్ భుజాల చుట్టూ కప్పుతున్నది శాలువా కాదు. తను తొమ్మిది వారాలు కూర్చుని అల్లిన ఊలు దుప్పటి.

ముందు నమ్మలేకపోయింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. లేత పసుపు మీద తెల్ల చారలు, అంచు చుట్టూ గవ్వల వరస. గౌస్ ఊలు కొట్లో ఆ రంగు అయిపోతే ఒక మూల నాలుగు వరసలు కాస్త ముదురు పసుపుతో అల్లాల్సి వచ్చింది. ఇంకెవరూ పోల్చుకోలేని ఆ నాలుగు వరసలూ ఇప్పుడు ప్రేమ్ సాగర్ పొట్ట మీద ఉన్నాయి.

"మన మందిరానికి గంట గోపురం కట్టించిన ప్రేమ్ సాగర్ గారికి, మన స్త్రీల సమాజం వారు ప్రార్థనతో, స్వహస్తాలతో అల్లిన కానుక!" అన్నారు అయ్యగారు మైకులో. ప్రేమ్ సాగర్ తల వంచి నమస్కారం పెట్టాడు. ఫొటోలు తీశారు. చర్చి నిండా చప్పట్లు.

ఆ దుప్పటి రమ్య కోసం అల్లింది. నాగాయలంకలో ఇదే ప్రేమ్ సాగర్ రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తూ సెప్టెంబరులో చనిపోయిన ఉదయ్ భార్య రమ్య. ఇప్పుడు ఏడో నెల. పెళ్ళికి ముందు రెండేళ్ళు బందరులో చర్చి కుట్టు సెంటర్లో కృపాకుమారి దగ్గరే పని నేర్చుకుంది. తల్లీ బిడ్డా ఇద్దరూ కలిసి కప్పుకునేలా పెద్దదిగా అల్లింది కృపాకుమారి. వరసకి నూట ఎనభై కుట్లు. వరస అయిపోయి సూది చెయ్యి మార్చుకున్న ప్రతిసారీ, "ప్రభువా, ఈ బిడ్డని నువ్వు కప్పు" అనుకునేది. మధ్యలో మనసు ఎటో పోయి కుట్టు జారితే ఆ వరసంతా విప్పి, ప్రార్థనతో సహా మళ్ళీ మొదలెట్టేది.

"ఒక్కపూట బల్ల మీద పెట్టమ్మా, నలుగురూ చూస్తారు" అని అయ్యగారి భార్య అడిగితే పొద్దున తెచ్చి, స్త్రీల సమాజం వాళ్ళ చేతిపనుల బల్ల మీద పరిచింది. ఎవరైనా కొనడానికి అడుగుతారేమోనని కాగితం మీద పెద్దక్షరాలతో 'రమ్య బిడ్డకి' అని రాసి గుండుసూదితో గుచ్చింది కూడా.

కూటం అయ్యాక తిన్నగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. భోజనాల వరసలోంచి ఎవరో కేకేశారు.

"కుమారక్కా, నీ దుప్పటికి ఎంత గౌరవం దక్కిందే!"

కృపాకుమారి వంగి, బల్ల గుడ్డ ఎత్తి చూసింది. కాగితం కిందే పడుంది. గుండుసూదిని పద్ధతిగా తీసి కాగితానికే గుచ్చి మరీ పడేశారు. చదవకుండా తీసింది కాదు.

ఆమె బయటికి వచ్చేసరికి ప్రేమ్ సాగర్ కారు కదులుతోంది. పూలదండలూ జ్ఞాపికా వెనక సీట్లో ఉన్నాయి. వాటి మీద ఉండలా చుట్టి కుక్కిన పసుపు ఊలు అద్దంలోంచి కనిపించింది. బిర్యానీ పొట్లం ఎవరో చేతిలో పెట్టబోతే, "నాకొద్దు" అంది. ఆ అనడంలో ఏముందో గాని, పొట్లం ఇవ్వబోయినావిడ ఒకడుగు వెనక్కి వేసింది.

*

మర్నాడు కుట్టు సెంటర్లో జాకెట్టు ముక్కని అడ్డంగా కోసేసింది. ముప్పై ఏళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలతో "మీరు కాజాలు కుడుతూ ఉండండి" అని చెప్పి, చర్చి వెనకే ఉన్న అయ్యగారి ఇంటికి వెళ్ళింది.

ఏసుపాదం అయ్యగారు అప్పుడే టిఫిను చేసి చేతులు తుడుచుకుంటున్నారు.

"రండి కుమారిగారూ. నిన్న మీ దుప్పటి గురించే అందరూ..."

"అది నన్ను అడక్కుండా ఎందుకిచ్చారండీ?"

ఆయన తువ్వాలు మడతపెట్టారు. "శాలువా తెమ్మని చెప్పినవాళ్ళు తేలేదు. ఆఖరి నిమిషంలో ఏం చెయ్యాలో తోచలేదు. మీరేమీ అనుకోరనే చనువు కొద్దీ..."

"దాని మీద పేరు రాసి పెట్టాను."

"చూశాను" అన్నారాయన నెమ్మదిగా. "ఇంకోటి అల్లండి. ఊలు నేను కొనిపెడతాను."

"ఊలు గురించి కాదండీ."

"దేవుని పనిలో ఇచ్చిన దాన్ని వెనక్కి అడగడం బావుండదమ్మా."

"దేవుడి పేరు చెప్పకండయ్యగారూ. నేను దేవుడికీ ఇవ్వలేదు, ప్రేమ్ సాగర్ గారికీ ఇవ్వలేదు. ఆ పిల్లకిచ్చాను. ఎవరి చెరువులో మొగుడు పోయాడో ఆయనకే తీసుకెళ్ళి కప్పారు మీరు. రేపు ఆ ఫొటో రమ్య ఫోన్లో చూస్తుంది. చూసి ఏమనుకోవాలి?"

అయ్యగారి మొహంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించి, "ఆ విషయం అప్పుడే సర్దుబాటు అయిపోయింది కదా. మళ్ళీ కెలికితే ఆ పిల్లకే కష్టం. పురుడు ఖర్చంతా ఆయనే చూసుకుంటానన్నాడు. మీకు తెలుసుగా, మీరూ ఉన్నారుగా అక్కడ" అన్నారు.

కృపాకుమారి గుమ్మం వైపు తిరిగింది. "అయితే నేనే వెళ్ళి తెచ్చుకుంటాను" అని చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని నాలుగడుగులు నడిచాక గాని గమనించలేదు.

*

మంగళవారం ఉదయం గుడివాడ ప్యాసింజరు ఎక్కింది. పెడన దాటాక రెండు వైపులా కోతలు. కోసిన చోట పనలు వరసగా పడున్నాయి, కొన్ని చేలల్లో అప్పుడే కుప్పలు వేస్తున్నారు. ఆమె ఏదీ చూడలేదు. ఆయన ఇదంటే నేను ఇదంటాను, అదంటే ఇదంటాను అని కవుతరం వచ్చేదాకా మాటలు పేర్చుకుంటూనే ఉంది. ఒక్కో మాటకీ పెదాలు కదులుతుంటే ఎదురుగా కూర్చున్నావిడ, ప్రార్థన చేసుకుంటోంది కాబోలనుకుని కాళ్ళు పక్కకి జరుపుకుంది.

గుడివాడలో ప్రేమ్ సాగర్ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. పనిమనిషి గేటు తీసి, "బాబుగారు స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అంది. వరండాలో ఎండ పడేచోట మంచం మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. వాచిన కాళ్ళు చాపుకుని ఉంది. ఆ కాళ్ళ మీద పసుపు దుప్పటి.

కృపాకుమారి పేర్చుకొచ్చిన మాటల్లో ఈవిడ లేదు.

"ఎవరమ్మా?" అంది ముసలావిడ. చూపు ఆనడం లేదు. "నేను ప్రేమ్ సాగర్ వాళ్ళమ్మని, వెంకటరత్నాన్ని. ఇలా దగ్గరగా కూర్చో."

"నా పేరు కృపాకుమారి అండీ. బందరు. ఆ దుప్పటి అల్లింది నేనే."

"నువ్వా!" ఆవిడ వేళ్ళు అంచు మీద పాకాయి. "నిన్నట్నుంచీ తడుముతూనే ఉన్నాను. ఎక్కడా ముడి తగల్లేదమ్మా. చిన్నప్పుడు దొరసానమ్మ దగ్గర నేనూ నేర్చుకున్నాను. కుట్టు బిగిస్తే చేతి మీద కొట్టేది. ఊలు ఊపిరి పీల్చుకోవాలే అనేది." నవ్వింది. "మా వాడి కోసమేనా ఇంత కష్టపడ్డావు?"

అవునంటే సరిపోతుంది. ఆ ఎండలో, ఆ వాచిన కాళ్ళ మీద దుప్పటి బాగానే ఉంది. ఒక్క క్షణం కృపాకుమారికి కోపం జారిపోయింది. జారిపోయినందుకు మరింత కోపం వచ్చింది.

"కాదండీ. మీ అబ్బాయి చెరువు దగ్గర చనిపోయిన కుర్రాడి భార్యకి అల్లాను. ఆ పిల్ల ఇప్పుడు కడుపుతో ఉంది. నన్ను అడక్కుండా తీసి ఆయనకి కప్పారు."

వెంకటరత్నమ్మ వేళ్ళు ఆగాయి. తర్వాత రెండు చేతులతో దుప్పటిని కొంచెం కొంచెంగా కాళ్ళ మీద నుంచి లాక్కుని, మూలకి మూల వెతికి కలుపుతూ, చూపు లేకపోయినా సరిగ్గా నాలుగు మడతలు పెట్టింది.

"తీసుకుపో" అంది. "నా కాళ్ళకి పాత చీరలున్నాయి."

అప్పుడే ప్రేమ్ సాగర్ లోపల్నుంచి వచ్చాడు. తెల్ల లుంగీ, తడి తల. కృపాకుమారిని చూసి కుర్చీ తనే లాక్కొచ్చాడు.

"రండమ్మా. నిన్న అయ్యగారు ఫోను చేశారు. ఆ దుప్పటి ఎవరి కోసమో నాకు తెలీదండీ, ఒట్టు. తెలిస్తే వేయించుకుంటానా? హాయిగా తీసుకెళ్ళండి. కాఫీ తాగారా?"

ఆయన అరుస్తాడనుకుంది. అరిస్తే అరవడానికి సిద్ధపడి వచ్చింది. ఆ మర్యాద చూసేసరికి ఒళ్ళు మండింది.

"కాఫీకి రాలేదండీ. నీళ్ళు చిలికే మోటారు దగ్గర కరెంటు తీగ పైపొర ఊడిపోయిందని ఉదయ్ మీకెన్నిసార్లు చెప్పాడు? మూడుసార్లు చెప్పాడని రమ్య అంది."

ప్రేమ్ సాగర్ తల తుడుచుకోవడం ఆపి ఆమె వంక చూశాడు. కోపంగా కాదు. అర్థం కానట్టు చూశాడు.

"అదేంటమ్మా? కుర్రాడు మూర్ఛొచ్చి నీళ్ళలో పడ్డాడు కదా. పెద్దల ముందు కాగితం రాసుకున్నాం. సాక్షి సంతకం మీరే కదండీ పెట్టింది?"

కృపాకుమారి దుప్పటిని ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు చూశావా అమ్మా?" అని అడిగింది వెంకటరత్నమ్మ, గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి. "ఆ పిల్లాడికి మూర్ఛ రావడం నువ్వు చూశావా?"

పనిమనిషి కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. కొడుకు తల్లి వైపు, తల్లి కృపాకుమారి వైపు తిరిగి ఉన్నారు. కృపాకుమారి కాఫీ ముట్టుకోలేదు. దుప్పటి చంకలో పెట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

*

బుధవారం నాగాయలంక బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దుప్పటి గుడ్డ సంచిలో ఉంది. పులిగడ్డ వారధి మీద గాలికి సంచి ఎగిరిపడుతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకుంది. దుప్పటి తిరిగి తెచ్చుకున్నానన్న సంతోషం కోసం లోపల వెతుక్కుంది. కనపడలేదు.

రమ్య ఇంటి ముందు కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరివో లంగాలకి అంచులు వేస్తోంది. అత్తగారు రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళిందట. కృపాకుమారిని చూడగానే లేవబోయి, కడుపు అడ్డమొచ్చి మిషను పట్టుకుని లేచింది.

"టీచరమ్మా! ఒక్కరే వచ్చారా? ఫోను చేస్తే బస్టాండుకి వచ్చేదాన్ని కదా."

"ఈ స్థితిలో నువ్వు రావడమేంటే" అంటూ సంచి విప్పి పక్కనున్న మంచం మీద దుప్పటి పరిచింది. రమ్య చెయ్యి దాని మీద వేసి, కుట్టు కుట్టుకీ వేలు ఆనించి చూసింది. పని తెలిసిన చెయ్యి.

"ఆదివారం ఫొటోలో చూశాను" అంది.

"అది నాకు తెలీకుండా జరిగింది రమ్యా. నేను ఊరుకోలేదు. అయ్యగార్ని అడిగేశాను. నిన్న గుడివాడ వెళ్ళి, ఆ ఇంట్లో కూర్చుని మరీ తెచ్చాను. నీ బిడ్డ దుప్పటి ఇంకొకరి ఒంటి మీద ఉండనిస్తానా?"

రమ్య విన్నది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగాక గ్లాసు అందుకుని, మిషను సొరుగులోంచి ఒక కార్డు తీసి చేతిలో పెట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆసుపత్రిలో ఇచ్చే కార్డు.

"అక్కడ చదవండి. కింద నుంచి రెండో వరస."

కృపాకుమారి కళ్ళజోడు సర్దుకుంది. నీలం సిరాతో రాసి ఉంది: తండ్రికి మూర్ఛ వ్యాధి.

"ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అని నర్సమ్మ అడిగింది. నేను లేవన్నాను. ఊళ్ళో అందరూ అదే చెప్పుకుంటున్నారు కదా, మా అత్తయ్య చెప్పేసింది. ఆవిడ రాసేసింది. ఇప్పుడు పుట్టకముందే నా బిడ్డకి రోగం అంటించారు. ఆయనకి జన్మలో మూర్ఛ లేదు టీచరమ్మా. ఇంటర్లో ఈత పందేలకి వెళ్ళాడు."

కృపాకుమారి కార్డు తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఆ రోజు మట్టి చేసేముందు ఆయన చెయ్యి పట్టుకుంటానన్నాను" అంది రమ్య. "మీరు వద్దన్నారు. అప్పటికే తెల్ల గ్లౌజులు తొడిగేశారు. తొడిగింది మీరే అని మా అత్తయ్య చెప్పింది. ఎందుకు వద్దన్నారు?"

వీధిలో చేపల బండివాడు హారను కొట్టుకుంటూ పోయాడు. కృపాకుమారి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కుడి అరచెయ్యి కాలిపోయి ఉంది" అంది. "వేళ్ళ మొదళ్ళ నుంచి అడ్డంగా, తీగ పట్టుకున్నట్టు, నల్లగా. గ్లౌజు సరిగ్గా ఎక్కలేదు. లాగి ఎక్కించాను. అయ్యగారు పక్కనే ఉన్నారు. పిల్ల చూస్తే తట్టుకోలేదు, కడుపులో బిడ్డకి ప్రమాదం అన్నారు. నిజమే అనిపించింది. ఆ తర్వాత కాగితం పెట్టి, సంఘం పెద్దలంతా సంతకాలు చేస్తున్నారు, ఆ పిల్లకి తల్లిలాంటిదానివి నువ్వూ చెయ్యి అన్నారు. మనం గొడవకి దిగితే నీకు ఆసరా లేకుండా పోతుందన్నారు. చేశాను."

రమ్య ఏడవలేదు. ఏడ్చి ఉంటే కృపాకుమారికి తేలికగా ఉండేది. ఆమె కార్డు తీసుకుని సొరుగులో పెట్టి, సొరుగు మూసింది.

"అంటే మీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"మూడు నెలల్నుంచీ తెలుసు."

"తెలుసమ్మా. అందుకే ఇది అల్లాను. రోజూ ప్రార్థన చేస్తూ..."

"దుప్పటి కోసం గుడివాడ దాకా వెళ్ళారు కదా టీచరమ్మా" అంది రమ్య. గొంతు పెంచలేదు. "అయ్యగారితో కూడా పోట్లాడారు. మరి ఆయన కోసం ఎక్కడికీ వెళ్ళలేదేం?"

కృపాకుమారి చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆదివారం నుంచి ఒంట్లో రగులుతున్న కోపం, అయ్యగారి మీదా ప్రేమ్ సాగర్ మీదా పెట్టుకున్న కోపమంతా తిరుక్కుని తన ముందుకే వచ్చి నిలబడింది. తొమ్మిది వారాల పాటు వరస వరసకీ బిడ్డని కప్పమని దేవుణ్ణి అడిగింది. తను కప్పిపెట్టిన దాని గురించి ఒక్క వరసలోనూ చెప్పలేదు.

రమ్య దుప్పటిని మడతపెట్టి మంచం మీద, దిండు పక్కన పెట్టింది.

"ఇది తీసుకుంటాను. ఎంత బాగా అల్లారో నాకు తెలుసు. కానీ దీంతో సరిపెట్టెయ్యకండి."

"సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు" అంది కృపాకుమారి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తొమ్మిదింటికల్లా బందరు రాగలవా?"

"వస్తాను."

"బస్సు కుదుపులు..."

"వస్తానన్నాను కదండీ" అని రమ్య మిషను ముందు కూర్చుని, ఆగిపోయిన అంచుని సూది కిందకి సర్దుకుంది.

*

ఆదివారం కృపాకుమారి చర్చిలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర అందరితో చేతులు కలుపుతూ, ఆమె వంతు వచ్చేసరికి చెయ్యి వదలకుండా, "ఎవరో ఏదో చెప్పారు. మీరు తొందరపడే మనిషి కాదని చెప్పాను" అన్నారు.

"తొందర కాదండీ. మూడు నెలలు ఆలస్యం" అంది ఆమె. "రేపు మీరూ రండి. మీరూ చూశారు ఆ చెయ్యి."

ఆయన చెయ్యి వదిలేశారు. వెనక ఉన్నావిడ వైపు తిరిగి కుశలం అడగడం మొదలుపెట్టారు.

సోమవారం కలెక్టరేట్లో వరస పొడుగ్గా ఉంది. రమ్యని గోడవారన కుర్చీలో కూర్చోబెట్టి కృపాకుమారి నిలబడింది. అయ్యగారు రాలేదు. వస్తారని ఆమె అనుకోనూ లేదు, అయినా గేటు వైపు రెండు మూడుసార్లు చూసింది. పదకొండున్నరకి వాళ్ళ వంతు వచ్చింది. బల్ల వెనక కూర్చున్న అధికారిణి నలభై ఏళ్ళ మనిషి, అర్జీ మొత్తం చదివి, జతచేసిన రాజీ కాగితం నకలు పక్కన పెట్టుకుని చూసింది.

"ఇందులో మూర్ఛ అని ఉంది. సాక్షి కృపాకుమారి ఎవరు?"

"నేనేనండీ."

"అప్పుడు అలా సంతకం పెట్టి, ఇప్పుడు కరెంటు షాకంటున్నారు. ఎవరైనా భయపెట్టారా? బలవంతం చేశారా?"

కృపాకుమారి ఒక క్షణం ఆలోచించింది. అయ్యగారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చెప్పమన్నారు, అందరూ పెట్టమన్నారు అంటే అబద్ధం కూడా కాదు.

"చెప్పినవాళ్ళున్నారండీ. వాళ్ళ పేర్లూ చెప్తాను. కానీ నా చెయ్యి ఎవరూ పట్టుకుని రాయించలేదు."

అధికారిణి కలం ఆపి తల ఎత్తింది. "ఆలోచించుకుని చెప్పండమ్మా. సమాధి తవ్వి మళ్ళీ పరీక్ష చేయించాల్సి రావచ్చు. తెలిసీ తప్పు సాక్ష్యం రాశానని మీరే ఒప్పుకుంటే మీ మీద కూడా కేసు కావచ్చు. ఇంటికెళ్ళి ఎవరినైనా అడిగి రావాలంటే రండి."

గోడవారన కుర్చీలో రమ్య లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇటే చూస్తోంది.

"అడగడానికి ఎవరూ లేరండీ" అంది కృపాకుమారి. ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "గ్లౌజు తొడిగింది నేను. ఆ కాలిన చెయ్యి చూసి కూడా మూర్ఛేనని సంతకం పెట్టింది నేను. మీరు ముందు అది రాసుకోండి. మిగతాది తర్వాత చెప్తాను."